ట్రాక్షన్ కంట్రోల్ ఆపాలి, ఏబీఎస్ పోకూడదు: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, పొలం గట్టు దగ్గర బండి దిగబడింది. ఎక్సలేటర్ తొక్కుతుంటే ఇంజిన్ మూలుగుతోంది గానీ చక్రం తిరగట్లేదు. ఆ ట్రాక్షన్ గోల పీకేయొచ్చా? బ్రేకులకేం కాదు కదా?" నేను మెకానిక్‌ని కాను. సొంత కార్లు విప్పి బిగించుకునే అలవాటు వల్ల నాలుగు ముక్కలు తెలిసినవాణ్ణి. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ముందు పేర్లు: ఎక్సలేటర్ తొక్కినప్పుడు చక్రం జారి ఊరికే తిరగకుండా అడ్డుకునేది ట్రాక్షన్ కంట్రోల్, గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది ఏబీఎస్.

ట్రాక్షన్ కంట్రోల్ ఆపితే ఏబీఎస్ కూడా ఆగిపోతుందా?

ఎలా ఆపారన్నదాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ ఇచ్చిన బటన్‌తోనో, స్క్రీన్‌లోని మెనూతోనో ఆపితే ఏబీఎస్‌కి ఏమీ కాదు. అది ఎప్పటిలాగే కాపలా ఉంటుంది. ఫ్యూజు లాగేసో, చక్రం దగ్గర సెన్సర్ ప్లగ్ పీకేసో ఆపితే మాత్రం ఏబీఎస్ కూడా పోతుంది. దాంతోపాటు చాలామందికి పేరు కూడా తెలియని ఈబీడీ, అంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచేది, పోవచ్చు. అసలు ప్రమాదం దాంతోనే, కింద వివరంగా రాశాను.

రెండూ ఒకే పెట్టెలో ఉంటాయంటారు. మరి ఒకటి ఆపితే రెండోది ఎలా పనిచేస్తుంది?

ఒకే పెట్టె అన్నది నిజమే. బానెట్ ఎత్తితే బ్రేకు పైపులన్నీ వచ్చి చేరే అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపిస్తుంది, దానికి ఓ పక్క మోటారు, ఇంకో పక్క కంప్యూటర్ అతికించి ఉంటాయి. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, ఈఎస్‌పీ (మలుపుల్లో బండి జారి అడ్డం తిరగకుండా చూసేది) మూడింటి కాపురం అందులోనే. నాలుగు చక్రాల దగ్గరుండే వేగం సెన్సర్లు కూడా మూడింటికీ ఉమ్మడే.

అయితే ముగ్గురూ ఒకేసారి పుట్టలేదు. బాష్ కంపెనీ తయారుచేసిన ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది. ట్రాక్షన్ కంట్రోల్ 1986లో, ఈఎస్‌పీ 1995లో వచ్చాయి. ఏబీఎస్ నేల అంతస్తు అనుకోండి, మిగతా రెండూ దాని మీద లేచిన అంతస్తులు. పై అంతస్తులో లైటు ఆర్పితే కింద చీకటి పడదు. నేల అంతస్తు గోడ కూల్చితే మాత్రం పైన నిలబడేది ఏమీ ఉండదు.

దిమ్మ లోపల చూసినా ఇదే కథ. నాలుగు చక్రాల మామూలు ఏబీఎస్‌కి ఎనిమిది కవాటాలు చాలు. చక్రానికి రెండు: ఒకటి బ్రేకు ఆయిల్ ఒత్తిడిని లోపలికి పంపుతుంది, ఇంకోటి బయటికి వదులుతుంది. ఈఎస్‌పీ ఉన్న దిమ్మలో ఇవి పన్నెండు. ఎందుకంటే ఏబీఎస్ పనిచేసేటప్పుడు ఒత్తిడి మీ కాలి నుంచే వస్తుంది, అది చేసేదల్లా జారుతున్న చక్రం మీద ఆ ఒత్తిడిని సెకనుకు చాలాసార్లు వదిలి పట్టడం. ట్రాక్షన్ కంట్రోల్ సంగతి వేరు. మీరు బ్రేకు మీద కాలు పెట్టకుండానే అది బ్రేకు వేయాలి. కాబట్టి పంపుతో తనే ఒత్తిడి పుట్టించుకోవాలి. అదనపు కవాటాలు ఆ పనికే. రెండో పనిగా ఇంజిన్ కంప్యూటర్‌కి "కాస్త తగ్గించు" అని కబురు పెడుతుంది. బటన్ నొక్కితే ఈ రెండు పనులూ, లేదా రెంటిలో ఒకటి, ఆపేయమని కంప్యూటర్‌కి చెప్పినట్టు. సెన్సర్లు చదవడం ఆగదు, ఏబీఎస్ లెక్కలూ ఆగవు.

అసలు ఆపాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది?

పక్కా రోడ్డు మీద తిరిగేవాడికి దాదాపు ఎప్పుడూ రాదు. మట్టిలో, ఇసుకలో, మంచులో వస్తుంది.

నాకు అది అర్థమైంది నల్లరేగడి నేలలో. బంధువుల ఇంట్లో పెళ్లి, పార్కింగుకి పక్కనే ఉన్న మిరప చేను ఇచ్చారు. మిరప తీసేసి నెలైంది, పైన ఎండిన పొర. పొద్దున దర్జాగా లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం అరగంట వాన. ఆ నేల సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు: తడిస్తే వెన్న, టైరు గాళ్లలోకి వెన్నలాగే కూరుకుని టైరును నున్నటి బొంగరం చేసేస్తుంది. మొదటి గేరు వేసి కదిలించాను. రెండడుగులు వచ్చి ఆగింది. ఎక్సలేటర్ తొక్కాను. డ్యాష్‌బోర్డులో జారుతున్న కారు బొమ్మ టకటకా మిణుకుతోంది, ముందు నుంచి గర్ గర్ మని పంపు చప్పుడు, ఇంజిన్ మాత్రం పదిహేను వందల ఆర్‌పీఎం దాటనంటోంది. కాలు ఎంత నొక్కినా అంతే. ముందు చక్రాలు రెండూ జారుతున్నాయి కాబట్టి కంప్యూటర్ తన ధర్మం ప్రకారం ఇంజిన్ గొంతు నొక్కుతోంది. నాకు కావలసిందేమో చక్రాలు కాసేపు తిరిగి, గాళ్లలో మట్టిని విసిరేసి, కిందున్న గట్టి నేలను పట్టుకోవడం.

బటన్ నొక్కి పట్టుకున్నాను. ఆఫ్ లైటు వెలిగింది. రెండో గేరులో మెల్లగా కదిలిస్తే చక్రాలు తిరిగి, వెనకున్న పెళ్లివారి పంచెల మీద ముగ్గు వేసి, బండి బయటపడింది. పంచెల గురించి ఇప్పటికీ మాటలు పడుతున్నాను.

మెత్తటి ఇసుకలోనూ ఇదే పరిస్థితి. సూర్యలంక బీచ్ లాంటి చోట తారు రోడ్డు దిగి కాస్త ముందుకు పోయినవాళ్లకు అనుభవమే. ఇసుకలో బండిని నడిపించేది ఊపు. చక్రం కొంచెం జారగానే ఇంజిన్‌ని తగ్గిస్తే ఊపు చచ్చి అక్కడే కూలబడుతుంది.

ఒక చక్రం గాల్లో తిరుగుతోంది, రెండోది గట్టి నేల మీదే ఉంది. అప్పుడూ ఆపాలా?

వద్దు. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఇంజిన్ శక్తిని ఎడమ, కుడి చక్రాలకు పంచే గేర్ల పెట్టెని డిఫరెన్షియల్ అంటారు. మామూలు డిఫరెన్షియల్‌కి ఒక బలహీనత ఉంది, ఏ చక్రం తేలిగ్గా తిరుగుతుందో దాన్నే తిప్పుతుంది. ఎడమ చక్రం బురదలో ఉంటే అది గిరగిరా తిరుగుతుంది, తారు మీదున్న కుడి చక్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆ తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టుకుంటుంది, దాంతో శక్తి గట్టి నేల మీదున్న చక్రానికి మళ్లుతుంది. అంటే ఇక్కడ అది మీకు సాయమే చేస్తోంది. ఆపేస్తే ఉన్న సాయం కూడా పోతుంది.

నా లెక్క ఇది: బండి దిగి చూడండి. లాగే చక్రాలు రెండూ ఒకే రకం మెత్తటి నేలలో ఉంటే ఆపండి. ఒకటే జారుతుంటే ఆన్‌లో ఉంచి, భయపడకుండా ఎక్సలేటర్‌ని ఒకే స్థాయిలో పట్టి ఉంచండి. గర్ గర్ చప్పుడుకి బెదిరి కాలు తీసేవాళ్లే ఎక్కువ. ఆ చప్పుడు పని జరుగుతోందనడానికి గుర్తు.

నా కారులో ఎలా ఆపాలి?

కంపెనీని బట్టి పేరు మారుతుంది, పద్ధతీ మారుతుంది. మారుతి కార్లలో ఈఎస్‌పీ ఆఫ్ అని రాసిన బటన్ చాలా మోడళ్లలో స్టీరింగుకి కుడివైపు కింద ఉంటుంది. లైటు వెలిగేదాకా నొక్కి పట్టుకోవాలి. హోండాలో దీని పేరు వీఎస్ఏ, బీప్ వినిపించేదాకా పట్టుకోవాలి.

టయోటా, హ్యుందాయ్ కార్లలో రెండు మెట్లు ఉంటాయి. ఇది తెలుసుకోదగ్గ విషయం. టయోటాలో వీఎస్‌సీ ఆఫ్ బటన్‌ని ఒకసారి నొక్కి వదిలితే ట్రాక్షన్ ఒక్కటే ఆగుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు మూడు సెకన్లకు పైగా పట్టుకుంటే వీఎస్‌సీ, అంటే ఈఎస్‌పీకే టయోటా పెట్టుకున్న పేరు, అది కూడా ఆగుతుంది. హ్యుందాయ్, కియాల్లోనూ దాదాపు ఇదే తీరు: చిన్న నొక్కుకి ఇంజిన్‌ని తగ్గించడం మానేస్తుంది, పెద్ద నొక్కుకి మొత్తం పక్కకు తప్పుకుంటుంది. దిగబడ్డప్పుడు చిన్న నొక్కే చాలు. దానితో కాకపోతేనే పెద్ద నొక్కుకి వెళ్లండి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో ఏఎస్ఆర్ అంటారు. కొత్తవాటిలో చాలామటుకు స్క్రీన్ మెనూలో దాక్కుని ఉంటుంది. చీకట్లో, వానలో, వెనక సీట్లో పిల్లలు ఏడుస్తుండగా ఆ మెనూ వెతకడం నరకం. ఇంటి దగ్గర తీరిగ్గా ఉన్నప్పుడే ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

వీటిలో ఏ బటన్ ఎంతసేపు నొక్కినా ఏబీఎస్ ఆగదు. ఈబీడీ కూడా ఆగదు.

ఆపినా మళ్లీ దానంతట అదే ఆన్ అవుతోంది. పాడైందా?

పాడవలేదు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆన్ అయ్యేలాగే తయారుచేస్తారు. అమెరికాలో 2012 మోడల్ నుంచి తేలికపాటి వాహనాలన్నిటికీ స్థిరత్వ నియంత్రణ, అంటే ఈఎస్‌పీ లాంటిది, తప్పనిసరి. తాళం తిప్పిన ప్రతిసారీ అది ఆన్‌లోకి రావాలన్నది కూడా ఆ నిబంధనలో భాగమే. కొన్ని కార్లలో ఒక వేగం దాటగానే కూడా తిరిగి వచ్చేస్తుంది. మీరు మర్చిపోతారని వాళ్లకు తెలుసు.

నా పాత కారులో బటనే లేదు. ఏం చేయాలి?

ముందు యజమాని పుస్తకం చూడండి. గ్లవ్ బాక్సులో ప్లాస్టిక్ కవర్‌లో కొన్ననాటి నుంచి విప్పని పుస్తకం ఉంటుంది కదా, అదే. చాలాసార్లు బటన్ ఉంటుంది, మనకే తెలియదు. హ్యాండ్ బ్రేకు పక్కనో, మోకాలి దగ్గరో ఉంటుంది.

నిజంగా లేకపోతే, ఆ కారులో ట్రాక్షన్ కంట్రోల్ అసలు ఉందా అన్నది చూసుకోండి. ఏబీఎస్ ఉన్న ప్రతి కారులోనూ ట్రాక్షన్ ఉండదు. మన దేశంలో కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. ఆ తర్వాత వచ్చినవాటిలో కూడా చవక మోడళ్లు చాలావాటిలో ఏబీఎస్, ఈబీడీ మాత్రమే ఉండేవి. లేని దాన్ని ఆపమని మెకానిక్‌ని అడిగితే ఆయన ఏదో ఒకటి పీకక మానడు.

ఉండీ బటన్ లేని కార్లలో మూడు దారులున్నాయి. ఒకటి, కంపెనీ పెట్టిన పరీక్ష మోడ్. టయోటా హైబ్రిడ్లు కొన్నిటిలో గేరు, పెడళ్లు ఒక వరసలో కదిపితే వర్క్‌షాపు కోసం ఉద్దేశించిన మోడ్‌లోకి వెళ్లి ట్రాక్షన్ ఆగుతుంది. రోలర్ల మీద పరీక్షించేందుకు పెట్టింది గనక ఆ మోడ్‌లో రోడ్డెక్కకూడదు. దిగబడ్డ చోటు నుంచి పది అడుగులు లాగి ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. రెండు, స్కానర్‌తో (కారు కంప్యూటర్లకు తగిలించి చదివే పరికరం) కోడింగ్, అంటే వాటి సెట్టింగులు మార్చడం. కొన్ని యూరప్ కార్లలో మంచి స్కానర్ ఉన్నవాళ్లు బటన్ పనిని మెనూలోకి తేగలరు. మోడల్ తెలిసినవాళ్ల చేతుల్లోనే చేయించండి, బ్రేకు కంప్యూటర్‌లో తప్పు అంకె పడితే బండి మొరాయించొచ్చు. మూడోది 1990లలోని కొన్ని కార్లకే పనికొస్తుంది. అప్పట్లో ఎక్సలేటర్ తీగతో నడిచేది. అందుకని టయోటా సుప్రా లాంటి కార్లలో ట్రాక్షన్ కోసం గాలి దారిలో రెండో థ్రాటిల్ (ఇంజిన్‌కి వెళ్లే గాలిని తగ్గించే మూత) పెట్టేవారు. దాని ప్లగ్ తీస్తే ఇంజిన్‌ని తగ్గించే చెయ్యి ఆగిపోతుంది, చక్రాల సెన్సర్లను ముట్టుకోనందుకు ఏబీఎస్ మిగులుతుంది. ట్రాక్షన్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కి ఉన్న ఒకే థ్రాటిల్‌ని కంప్యూటరే నడుపుతుంది కాబట్టి ఈ దారి మూసుకుపోయింది.

సెన్సర్ ప్లగ్ పీకేస్తే పని అయిపోతుంది కదా, మా మెకానిక్ చెప్పాడు.

నాకూ ఒకాయన చెప్పాడు. చెప్పడమే కాదు, నన్ను అడగకుండా చేసి ఇచ్చాడు. ట్రాక్షన్ లైటు ఊరికే వెలుగుతోందని పాత కారు ఒక షెడ్డులో ఇచ్చాను. సాయంత్రానికి లైటు లేదు, మూడొందలు తీసుకున్నాడు. వారం తర్వాత తడి రోడ్డు మీద కుక్క అడ్డమొస్తే గట్టిగా బ్రేకు తొక్కాను. కాలికి ఆ టకటక తగల్లేదు. బండి తోక ఎడమకు లేచింది. కుక్క బతికింది, నేనూ బతికాను, గుండె మాత్రం ఇంటికొచ్చేదాకా గొంతులోనే ఉంది. మరునాడు జాకీ ఎత్తి చూస్తే వెనక కుడి చక్రం సెన్సర్ ప్లగ్ విడిపోయి, నీట్‌గా టేపు చుట్టి కట్టి ఉంది. డ్యాష్‌బోర్డులో ఏబీఎస్, ట్రాక్షన్ లైట్ల మీద నల్ల టేపు ముక్క.

తోక ఎందుకు లేచిందో చెప్తాను. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. తేలికైన చక్రానికి ముందు చక్రంతో సమానంగా బ్రేకు పడితే అది ముందే బిగుసుకుపోతుంది. వెనకవి ముందు బిగుసుకుంటే బండి తిరుగుతుంది. పాత కార్లలో దీన్ని అడ్డుకోవడానికి వెనక బ్రేకు పైపులో చిన్న యాంత్రిక కవాటం ఉండేది. ఈబీడీ వచ్చాక దాన్ని తీసేశారు, ఆ పని కంప్యూటర్ చూసుకుంటోంది. ఒక్క సెన్సర్ పోతే కొన్ని కార్లు మిగతా మూడింటితో ఈబీడీని ఎలాగోలా నెట్టుకొస్తాయి. కొన్ని నెట్టుకురాలేవు. మీ కారు ఏ రకమో తడి రోడ్డు మీద తెలుసుకోవాలనుకోవడం తెలివైన పని కాదు.

పైగా కొన్ని కార్లలో స్పీడోమీటర్‌కి కూడా వేగం ఈ సెన్సర్ల నుంచే అందుతుంది. పీకితే ముల్లు సున్నా దగ్గర పడుకుంటుంది.

ఫ్యూజు తీస్తే?

అదే తప్పు, ఇంకాస్త పెద్దది. ఆ దిమ్మకి సాధారణంగా మోటారుకొకటి, కవాటాలకొకటి, కంప్యూటర్‌కొకటి చొప్పున ఫ్యూజులుంటాయి. వాటిలో "ఇది ట్రాక్షన్‌ది, ఇది ఏబీఎస్‌ది" అన్న పంపకం ఉండదు. ఏది తీసినా రెండూ పోతాయి.

లైట్లు చూసి ఏది ఆగిందో ఎలా చెప్పాలి?

జారుతున్న కారు బొమ్మ మిణుకుతుంటే ట్రాక్షన్ లేదా ఈఎస్‌పీ ఆ క్షణంలో పనిచేస్తోంది. అదే బొమ్మ ఆఫ్ అన్న అక్షరాలతో నిలకడగా వెలిగితే మీరు ఆపారు. ఏబీఎస్ లైటు వెలగకుండా ఈ ఒక్కటే వెలగడమే మీకు కావలసిన పరిస్థితి. ఆఫ్ అక్షరాలు లేకుండా బొమ్మ నిలకడగా వెలిగితే లోపం.

ఏబీఎస్ అక్షరాలున్న పసుపు లైటు వెలిగితే ఏబీఎస్ లేదు, మామూలు బ్రేకులున్నాయి. మెల్లగా నడుపుకుంటూ షెడ్డుకి పోవచ్చు. ఏబీఎస్ పసుపు లైటు, బ్రేకు ఎర్ర లైటు రెండూ కలిసి వెలిగితే ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు, లేదా బ్రేకు ఆయిల్ తగ్గి ఉండొచ్చు. హ్యాండ్ బ్రేకు దించి ఉందో లేదో చూడండి. దించినా ఆరకపోతే ఆ బండిని నడపకండి.

నేనేమీ నొక్కలేదు. ట్రాక్షన్ లైటు దానంతట అదే వచ్చి కూర్చుంది.

నా దగ్గరికి వచ్చే "ఎలా ఆపాలి" ప్రశ్నల్లో సగం నిజానికి ఇదే. వాళ్లకు కావలసింది ట్రాక్షన్ ఆపడం కాదు, లైటు ఆర్పడం.

కారణాలు చాలా ఉన్నాయి. ఇంజిన్ చెక్ లైటు కూడా వెలుగుతోందా? అయితే జబ్బు ఇంజిన్‌ది. ఇంజిన్ కంప్యూటర్ తనలో తప్పు చూసుకుని, ట్రాక్షన్ అడిగినప్పుడు తగ్గించలేనని చేతులెత్తేస్తే ట్రాక్షన్ తనే తప్పుకుంటుంది. బ్రేకు జోలికి పోకుండా ఇంజిన్ సరిచేయిస్తే ఆరిపోతుంది. వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా? పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ పోయినా ఈ లైటు వస్తుంది, దాని ఖరీదు మిగతావాటితో పోలిస్తే చిల్లర. స్టీరింగు పని చేయించారా? స్టీరింగు ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్‌కి సున్నా స్థానం మళ్లీ నేర్పాలి, అలైన్‌మెంట్ చేసిన చోట స్కానర్ ఉంటే అక్కడే చేస్తారు. ఒక టైరు మాత్రం కొత్తది వేశారా, లేక డిక్కీలోని సన్నటి స్పేర్ చక్రం వేశారా? చిన్న చక్రం వేగంగా తిరుగుతుంది, అది జారుతోందని కంప్యూటర్ భ్రమపడుతుంది.

ఇంకోటి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనికి డబ్బు వృథా చేసుకున్నవాళ్లను చూశాను. చక్రం బేరింగు మార్పించిన మర్నాటి నుంచి లైటు వెలుగుతోందంటే బేరింగు తిరగేసి ఎక్కించారన్నమాటే అయి ఉండొచ్చు. ఈమధ్య కార్లలో సెన్సర్ చదివే అయస్కాంతపు పట్టీ బేరింగు సీలులోనే ఒక వైపు ఉంటుంది. కంటికి రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి. ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా లేకపోతే సెన్సర్‌కి ఏమీ కనపడదు. సెన్సర్లు ఎన్ని మార్చినా లాభం లేదు. బిగించే ముందు ఇనుప పొడి చల్లితేనో, సన్నని పిన్నీసు దగ్గర పెడితేనో ఏ వైపు అయస్కాంతం ఉందో తెలిసిపోతుంది.

బురదలో చాలాసేపు ప్రయత్నించాక ట్రాక్షన్ పనిచేయడం మానేసింది.

బ్రేకులు వేడెక్కాయి. తిరిగే చక్రాన్ని పదేపదే బ్రేకుతో పట్టుకుంటే డిస్కులు కాలిపోతాయి, అందుకని కంప్యూటర్ ఆ పని కాసేపు మానుకుంటుంది. ఏబీఎస్ మానదు. టీ తాగి రండి.

ఆపాక బయటికి ఎలా లాగాలి?

మెల్లగా. ముందు టైరు ముందు మట్టి తవ్వండి, దొరికితే గోనె సంచి, కొబ్బరి మట్టలు, కారులోని ఫుట్ మ్యాట్లు వేయండి. స్టీరింగు నిటారుగా ఉంచి రెండో గేరులో, ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండోది పెట్టి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి ఊపండి. మెత్తటి ఇసుకైతే టైర్లలో గాలి తగ్గించడం అన్నిటికన్నా గొప్ప మందు. బయటపడ్డాక గాలి పట్టించుకోవడం మరవకండి.

చక్రాన్ని వేగంగా తిప్పకండి. ఒక చక్రం ఆగి ఒకటే తిరిగేటప్పుడు డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం వేగం మీటర్ చూపించేదానికి దాదాపు రెట్టింపు ఉండొచ్చు. మీటర్‌లో 40 అంటే ఆ టైరు 80లో తిరుగుతున్నట్టు. ఇంకా తొక్కితే టైరు పేలొచ్చు, డిఫరెన్షియల్ కూడా దెబ్బతినొచ్చు. వెనక నిలబడి తోసేవాళ్లను పక్కకు జరగమనండి. పంచెల సంగతి పైనే చెప్పాను.

అమెరికాలో ఉంటున్నాం, మంచులో ఏం చేయాలి?

చదువుకోసం వెళ్లి మొదటి చలికాలంలోనే సెకండ్‌హ్యాండ్ కారు కొన్న పిల్లలు ఇది అడుగుతారు. రోడ్డు మీద పలుచగా మంచు ఉంటే ఆన్‌లోనే ఉంచండి, అది మీకన్నా బాగా నడుపుతుంది. రాత్రంతా కురిసి పార్కింగులో బంపర్ దాకా పేరుకుంటే, బయటికి రావడానికి ఆపండి, దారి ఎక్కగానే ఆన్ చేయండి. జనరల్ మోటార్స్ కార్లు చాలావాటిలో బటన్ చిన్న నొక్కుకి ట్రాక్షన్, నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కూడా ఆగుతాయి. బటన్ లేని పాత టయోటా ప్రియస్ కొనే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అసలు మందు మాత్రం మంచు టైర్లే. అరిగిన టైరుకి ఏ బటనూ పట్టు తెచ్చిపెట్టలేదు.

వానలో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆపితే పికప్ బాగుంటుందంటారు, నిజమేనా?

అరకు ఘాట్‌లోనో, శ్రీశైలం దారిలోనో తడి మలుపులో ఆపడమంటే చేజేతులా గొడుగు మూసి వానలో నడవడం. తారు మీద లైటు మిణికిందంటే టైరు నిజంగా జారిందని అర్థం, కాలు తేల్చమని మీకు చెబుతోంది. పదేపదే మిణుకుతుంటే టైర్ల గాళ్లు చూడండి.

మైలేజీ పెరుగుతుందా?

పెరగదు.

కంకర రోడ్డు మీద ఏబీఎస్ వల్లే బండి ఆగట్లేదు. అదే ఆపొచ్చా?

వదులు కంకర మీద, లోతు మంచులో బిగుసుకున్న చక్రం తన ముందు చిన్న గుట్ట పోగేసి ఆగుతుంది, ఏబీఎస్ దాన్ని పోగవనివ్వదు. అందుకే అక్కడ ఆగే దూరం కాస్త ఎక్కువే. కానీ బ్రేకు తొక్కి ఉండగానే స్టీరింగు తిరుగుతుంది, ఏబీఎస్ ఉన్నదే అందుకు. వేగం తగ్గించుకోండి, దాన్ని ముట్టుకోకండి.

చట్టం, ఇన్సూరెన్స్ ఏమంటాయి?

బటన్ నొక్కడం మార్పు కాదు, కంపెనీ ఇచ్చిన సౌకర్యమే. వైర్లు తెంచడం, సెన్సర్ తీసేయడం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగి సర్వేయర్ వచ్చినప్పుడు టేపు చుట్టిన ప్లగ్ ఆయన కంట పడితే మీ క్లెయిమ్ గురించి మాట్లాడే స్వరం మారుతుంది.

ట్రాక్షన్ ఆపాక ఏబీఎస్ నిజంగానే ఉందని ఎలా తేల్చుకోవాలి?

తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరాలి. ఆరితే కంప్యూటర్ తన పరీక్షలో తాను పాసైనట్టు. ఇంకా నమ్మకం కావాలంటే, వెనకా ముందూ ఎవరూ లేని మట్టి రోడ్డు మీద, ట్రాక్షన్ ఆపి, 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకుని ఒక్కసారిగా గట్టిగా తొక్కి వదలకుండా పట్టుకోండి. పెడల్ పాదాన్ని తిరిగి తంతున్నట్టు టకటకా కొట్టుకోవాలి. దిగి వెనక్కి చూస్తే మట్టిలో పొడుగాటి ఈడ్పు చార కాకుండా తెగి తెగి పడిన గుర్తులుండాలి.

సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నాను. ముందు యజమాని ఏమైనా పీకేశాడా అని ఎలా కనిపెట్టాలి?

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆగండి. డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలగాలి. అసలు వెలగనే లేదంటే బల్బు తీశారు, లేదా పైన ఏదో అతికించారు, లేదా ఆ లైటు వైరుని ఆయిల్ లైటుకో, ఛార్జింగ్ లైటుకో కలిపేశారు. ఈ మూడోది తెలివైన మోసం: రెండు లైట్లు సరిగ్గా ఒకే క్షణంలో వెలిగి ఒకే క్షణంలో ఆరుతుంటే అనుమానించండి. తర్వాత స్టీరింగుని పూర్తిగా ఒకవైపు తిప్పి, ముందు చక్రం వెనక ఫోన్ లైటు వేసి చూడండి. హబ్బు దగ్గర నుంచి ఒక సన్నటి నల్ల వైరు బ్రేకు పైపు పక్కగా పైకి పోతుండాలి. అది మధ్యలో ఎక్కడైనా టేపుతో ఆగిపోతే, ధర మాట తర్వాత మాట్లాడొచ్చు, ముందు నాలుగు చక్రాలూ చూడండి.